ఇంటికొచ్చే డాక్టర్ల లెక్కల్లో ఎండ తీవ్రత: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఎండాకాలం జబ్బులు పెరుగుతున్న సంగతిని ఫ్రాన్స్ ఎలా పసిగడుతుందో గత సంచికలో రాశాం. పిలిస్తే ఇంటికొచ్చి చూసే అత్యవసర డాక్టర్లు తాము చూసిన రోగుల వివరాలు రోజూ పంపుతారు. వాటిని బట్టి ఏ ఊళ్లో వడదెబ్బలు ఎక్కువవుతున్నాయో అక్కడి జాతీయ ప్రజారోగ్య సంస్థకు మర్నాటికే తెలుస్తుంది. ఆ వ్యాసం సారం ఇంతే. దాని మీద వచ్చిన ప్రశ్నల్లో ఒకే తీరువి కలిపేసి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ఈ డాక్టర్లు ప్రభుత్వ ఉద్యోగులా? పిలిస్తే నిజంగా ఇంటికొస్తారా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

ప్రభుత్వ ఉద్యోగులు కారు. ప్రైవేటు డాక్టర్లే ఊరూరా సంఘాలుగా ఏర్పడి వంతులవారీగా డ్యూటీ చేస్తారు. ఈ వ్యవస్థ పేరు ఎస్‌ఓఎస్ మెద్‌సాన్. 1966లో పారిస్‌లో మార్సెల్ లాస్కార్ అనే డాక్టరు మొదలుపెట్టారు. శని, ఆదివారాల్లో, రాత్రిళ్లు డాక్టరు దొరక్క రోగులు చనిపోయే పరిస్థితి ఉండేది, అందుకే పెట్టారు. ఇప్పుడు దేశమంతటా అరవైకి పైగా సంఘాలున్నాయి. 24 గంటలూ పనిచేస్తాయి. ఫోన్ నంబరు 3624.

ఫోన్ చేయగానే డాక్టరు బయల్దేరిపోడు. ముందు ఆపరేటరు వయసు, బాధ, అది ఎప్పట్నుంచి ఉంది అని అడుగుతారు. ప్రాణాపాయం అనిపిస్తే కాల్‌ను అప్పటికప్పుడే సామూకు, అంటే 15 నంబరు అంబులెన్స్ వ్యవస్థకు మళ్లిస్తారు. మిగతావాటికి తొందర బట్టి వరస కట్టి డాక్టర్లను పంపుతారు. నడవగలిగినవాళ్లను సంఘానికి సొంత క్లినిక్ ఉంటే అక్కడికి రమ్మంటారు. లెక్కల్లో ఇంటి విజిట్లు, క్లినిక్ చూపులు రెండూ కలిసే ఉంటాయి. ప్రజారోగ్య సంస్థ బులెటిన్ చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

నిఘాకు పనికొచ్చే సంగతులు రెండు చోట్ల పుడతాయి. ఒకటి, ఫోన్‌లో చెప్పిన బాధ: ‘జ్వరం’, ‘వాంతులు’, ‘కళ్లు తిరిగాయి’. రెండోది, చూశాక డాక్టరు రాసే రోగ నిర్ధారణ. వీటితోపాటు వయసు, ఆడా మగా, ఏ ఊరు, ఆసుపత్రికి పంపారా అన్నవి కూడా వెళ్తాయి. పేరు, చిరునామా వెళ్లవు.

2003లో ఫ్రాన్స్‌లో ఎండకు అన్ని వేలమంది ఎలా పోయారు? అంత అభివృద్ధి చెందిన దేశంలో ఎవరికీ తెలియలేదా?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, హన్మకొండ

తెలియలేదనే చెప్పాలి. తెలిసేసరికి ఆలస్యమైపోయింది. 2003 ఆగస్టు 1 నుంచి 20 లోపు మామూలు కంటే దాదాపు 15 వేల మరణాలు ఎక్కువ జరిగాయి. పారిస్‌లో ఆగస్టు 11–12 రాత్రి ఉష్ణోగ్రత 25.5 డిగ్రీల కంటే దిగలేదు. కర్నూలు, రామగుండం వాళ్లకు ఆ అంకె వింతగా అనిపించదు. కానీ అక్కడి ఇళ్లు చలిని ఆపడానికి కట్టినవి. ఫ్యాను కూడా లేని ఇళ్లు. పైఅంతస్తుల్లో రేకు కప్పు కింద ఒంటరిగా ఉండే 75, 80 ఏళ్ల వాళ్లకు రాత్రి చల్లబడకపోవడమే ప్రాణాల మీదికి తెచ్చింది. పగటి వేడిని రాత్రి విడిచిపెట్టుకునే వీలు లేకపోతే గుండె మీద, కిడ్నీల మీద భారం రోజురోజుకూ పేరుకుపోతుంది.

ఆగస్టు అంటే అక్కడ సెలవుల నెల. కుటుంబాలు ఊళ్లలో లేవు, ఫ్యామిలీ డాక్టర్లూ చాలామంది లేరు. ఎమర్జెన్సీ వార్డులు నిండిపోతున్నాయని పాత్రిక్ పెలూ అనే ఎమర్జెన్సీ డాక్టరు 10వ తేదీన టీవీలో హెచ్చరించేదాకా విషయం జనంలోకి రాలేదు. ఆసుపత్రుల దగ్గర, ఇంటికెళ్లే డాక్టర్ల దగ్గర, అంత్యక్రియల సంస్థల దగ్గర ఎవరి ముక్క వాళ్లకుంది. ఆ ముక్కల్ని ఒకచోట చేర్చి రోజువారీగా చూసేవాళ్లే లేరు.

ఆ లోటు తీర్చడానికి 2004లో సూర్‌సో అనే నిఘా వ్యవస్థ వచ్చింది. దానికి నాలుగు ఆధారాలు: ఆసుపత్రుల ఎమర్జెన్సీ వార్డులు (ఈ జాలానికి ఓస్కూర్ అని పేరు), ఎస్‌ఓఎస్ మెద్‌సాన్ సంఘాలు, పురపాలక కార్యాలయాల మరణ నమోదు, డాక్టర్లు ఆన్‌లైన్‌లో నింపే మరణ ధ్రువపత్రాలు. ఇప్పుడు దీన్ని నడిపేది సాంతే పుబ్లిక్ ఫ్రాన్స్ అనే సంస్థ. ఎండల ప్రత్యేక నిఘా జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉంటుంది.

నేను స్టాటిస్టిక్స్ చదువుతున్నాను. ఈ లెక్క ఎలా కడతారో వివరంగా చెప్పండి. కేసులు పెరిగాయా, పిలిచేవాళ్లు పెరిగారా అన్నది ఎలా తేలుస్తారు?
– విద్యార్థిని, విశాఖపట్నం

చిక్కంతా ఇక్కడే ఉంది కాబట్టి దీనికి కాస్త పొడుగు జవాబే ఇవ్వాలి.

నిన్నటి వివరాలు ఈ ఉదయానికి వచ్చేస్తాయి. మొదటి పని లెక్క కట్టడం కాదు, ఎవరు పంపారు, ఎవరు పంపలేదు అని చూడటం. ఒక పెద్ద నగరంలోని సంఘానికి సర్వర్ మొరాయిస్తే ఆ రోజు కేసులు పడిపోయినట్టు కనిపిస్తుంది. అందుకే ఏళ్ల తరబడి పోల్చేటప్పుడు అన్నేళ్లూ క్రమం తప్పకుండా పంపిన సంఘాల్నే తీసుకుంటారు. కొత్తగా చేరినవాటిని కలిపితే రోగాలు పెరిగినట్టే ఉంటుంది. పెరిగింది మాత్రం సంఘాల సంఖ్య.

తర్వాత సూచిక. ఎస్‌ఓఎస్ వివరాల్లో ఎండ సూచిక అంటే వడదెబ్బ, ఒంట్లో నీరు తగ్గడం అనే రెండు నిర్ధారణల మొత్తం. దాన్ని ఆ రోజు నిర్ధారణ రాసిన మొత్తం చూపులతో భాగించి శాతం తీస్తారు. హారంలో మొత్తం కాల్స్ వేయకూడదు. నిర్ధారణ రాయని చూపుల్ని కలిపితే, డాక్టర్లు నిర్ధారణలు సరిగ్గా నమోదు చేయని రోజున శాతం తప్పుగా తగ్గిపోతుంది.

ఊహించిన అంకెలతో చూడండి. ఒక నగరంలో సోమవారం 200 చూపులు, అందులో ఎండవి 2, అంటే 1 శాతం. మరుసటి సోమవారం 210లో 6 అంటే 2.9 శాతం. చూపులు పెద్దగా పెరగలేదు, ఎండ కేసులు మూడింతలయ్యాయి. ఇది నిజమైన పెరుగుదల.

ఇప్పుడు ఆగస్టు 15 వారం. అక్కడ అది మేరీ మాత పండుగ సెలవు, నగరం సగం ఖాళీ. మామూలుగా 400 ఉండే చూపులు 200కి పడ్డాయి. ఎండ కేసులు మాత్రం ముందున్న 4 అలాగే ఉన్నాయి. శాతం 1 నుంచి 2కి ఎగబాకింది, కొత్తగా ఒక్క రోగీ లేకుండానే! సముద్రతీర పట్టణంలో కథ తిరగబడుతుంది. యాత్రికులతో చూపులు 200 నుంచి 500 అయ్యాయి, ఎండ కేసులు 2 నుంచి 5 అయ్యాయి. శాతం కదల్లేదు. కానీ డాక్టర్లకు పని రెట్టింపు దాటింది. శాతాన్నీ సంఖ్యనూ పక్కపక్కన పెట్టి చూడకుండా మాట్లాడే ఏ ముక్కనూ నమ్మకండి. పత్రికల్లో వచ్చే ‘కేసులు రెట్టింపు’ శీర్షికల్లో చాలావాటికి ఇదే జబ్బు.

వారం రోజుల్లో ఒక్కో రోజుదీ ఒక్కో తీరు. ఆదివారం ఫ్యామిలీ డాక్టర్లు ఉండరు కాబట్టి ఎస్‌ఓఎస్‌కు పిలుపులు ఎక్కువ. ఆదివారాన్ని ఆదివారంతోనే పోల్చాలి. జులై 14 జాతీయ దినం లాంటి సెలవుల్ని ఆదివారం కింద లెక్కేసుకోవాలి. డాక్టర్ల సమ్మె జరిగిన వారాన్ని పోలికలోంచి తీసేయడమే మేలు.

వయసుల్ని కలిపి ఒకే గీత గీయడం ఇంకో పొరపాటు. ఎస్‌ఓఎస్ చూసేవాళ్లలో పిల్లల వాటా ఎక్కువ. పిల్లల్లో మార్పు లేకపోతే 75 దాటినవాళ్లలో వచ్చిన పెరుగుదల మొత్తంలో కలిసి కనబడకుండా పోతుంది. అందుకే వయసు తరగతులు విడదీసి చూస్తారు.

ఇవన్నీ దాటాక కూడా గీత పైకే ఉంటే, గత సంవత్సరాల అదే వారాలతో గణాంక పరీక్ష పెడతారు. అలారం మోగిందంటే జబ్బు వచ్చేసిందని కాదు. ఆ ఊరి సంఘానికి ఫోన్ చేసి ‘మీరేం చూస్తున్నారు?’ అని అడగాలని అర్థం. వేడి హెచ్చరిక రెడ్‌కు మారిన రోజు డాక్టరు కలం ‘వడదెబ్బ’ వైపు మొగ్గుతుంది కూడా. నిన్న ‘నీరసం’ అని రాసినదాన్నే ఇవాళ వడదెబ్బ అంటారు. ఈ పక్షపాతాన్ని ఏ సూత్రమూ పూర్తిగా కడగలేదు, ఆ ఫోన్ కాలే కొంత తేలుస్తుంది.

ఆసుపత్రి లెక్కలుండగా ఇవెందుకు?
– పాఠకుడు, రాజమహేంద్రవరం

ఆసుపత్రికి చేరేది ముదిరిన కేసు. ఇంట్లో డాక్టరు చూసేది తొలి దశ, అదీ ఎక్కువగా ఇంటి దగ్గరే నయమయ్యేది. రెండు గీతలూ కలిసి లేస్తే నమ్మకం పెరుగుతుంది.

కానీ ఎస్‌ఓఎస్‌కు కనపడని మూల ఒకటుంది. రక్తంలో సోడియం పడిపోవడం రక్తపరీక్షతో తప్ప తేలదు. ఆసుపత్రి సూచికలో అది మూడో నిర్ధారణగా ఉంటుంది, ఇంటి విజిట్ల సూచికలో ఉండదు. ‘నీళ్లు తాగండి’ అన్న ప్రకటన విని అన్నం సరిగ్గా తినకుండా లీటర్లకు లీటర్లు ఉత్త నీళ్లే తాగిన పెద్దవాళ్లకు, మూత్రం పోయే మాత్రలు వాడేవాళ్లకు వచ్చే బాధ ఇది. మత్తుగా ఉండటం, తికమకపడటం దీని లక్షణాలు. చూసేవాళ్లు దీన్ని కూడా వడదెబ్బే అనుకుంటారు.

ఇంకో సంగతి. పల్లెల్లో ఎస్‌ఓఎస్ సంఘాలు దాదాపు లేవు. ఒంటరిగా ఉండి ఫోన్ చేయనివాళ్లు ఏ లెక్కలోకీ రారు. 2003లో పోయినవాళ్లలో అలాంటివాళ్లు చాలామంది. వాళ్ల కోసం పురపాలక సంఘాలు పేర్లు నమోదు చేసుకునే జాబితా పెట్టి, ఎండ ముదిరినప్పుడు ఫోన్లు చేయిస్తాయి.

వడదెబ్బ కాక ఇంకేం కనిపెడతారు?
– పాఠకురాలు, తిరుపతి

పురుగు కాట్లు, అలర్జీలు, విరేచనాలు, కిడ్నీ రాళ్ల నొప్పి, ఈత కొట్టినవాళ్లకు వచ్చే చెవినొప్పి వేసవి గీతల్లో లేస్తాయి. గడ్డిపూల పుప్పొడి రోజుల్లో ఉరుము వాన పడితే ఆ రాత్రి ఉబ్బసం పిలుపులు ఒక్కసారిగా పెరగొచ్చు. ఉబ్బసం అసలు పెద్ద గీత లేచేది సెప్టెంబరులో, బడులు తెరిచాక, జలుబు వైరస్‌లతో. ఎంటెరోవైరస్ వల్ల వచ్చే మెదడు పొర వాపు కూడా వేసవిదే. దాన్ని ఎక్కువగా ఆసుపత్రి లెక్కల్లో చూస్తారు.

డెంగీ, చికున్‌గున్యా మాత్రం ఈ పద్ధతికి లొంగవు. పులి చారల దోమ ఫ్రాన్స్‌లో 2004లో దక్షిణాన మాంతోన్ దగ్గర స్థిరపడింది, 2025 మొదటికి 96 జిల్లాల్లో 81కి పాకింది. అయినా ఇంటికొచ్చిన డాక్టరు రాసేది ‘జ్వరం’ అనే. ల్యాబ్ పరీక్ష, తప్పనిసరిగా ప్రకటించాల్సిన జబ్బుల జాబితా, ఈ రెండే వాటిని పట్టుకుంటాయి. మే నుంచి నవంబరు దాకా వీటికి వేరే నిఘా నడుస్తుంది.

మా అబ్బాయి తులూజ్‌లో ఉంటాడు. జులైలో మేమిద్దరం అక్కడికి వెళ్తున్నాం. మావారికి షుగరు, బీపీ ఉన్నాయి. మా కడప ఎండల ముందు అక్కడి 36 డిగ్రీలు ఒక లెక్కా అంటారు ఆయన.
– ఒక గృహిణి, కడప

లెక్కేనమ్మా. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది, రెండు మూడు వారాలు చల్లగా గడిపితే ఆ అలవాటు పోతుంది. జూన్‌లో తొలకరి పడి, ఇంట్లో ఏసీ ఉంటే, జులైకి ఆయన ఒళ్లు మే నెల ఎండల్ని మరిచిపోయి ఉంటుంది.

ఫ్రాన్స్ వాతావరణ సంస్థ మెతెయో ఫ్రాన్స్ మూడు రోజుల సగటు చూసి హెచ్చరిక ఇస్తుంది. పగటి గరిష్ఠానికి, రాత్రి కనిష్ఠానికి రెండు హద్దులు. తులూజ్‌లో పగలు 36, రాత్రి 21. పారిస్‌లో 31, 21. పారిస్‌లో మూడు రోజులు పగలు 32, 33, 31, రాత్రి 20, 22, 22 అనుకోండి. సగటు 32, 21.3. రెండూ హద్దు దాటాయి కాబట్టి హెచ్చరిక. రాత్రి హద్దునే ఎక్కువ పట్టించుకోండి.

పగలు కిటికీలు, తలుపు రెక్కలు మూసి ఉంచండి. గాలి రావాలని తెరవడం మన అలవాటు, కానీ బయటి గాలి లోపలికంటే వేడిగా ఉన్నంతసేపూ అది ఇంట్లోకి పొయ్యి పెట్టడమే. రాత్రి బయట చల్లబడ్డాక అన్నీ తెరవండి. గది 35 దాటితే ఉత్త ఫ్యాను వేడిగాలే కొడుతుంది, తడి తువ్వాలు ఒంటి మీద వేసుకుని వేయాలి. ఆయన బీపీ మాత్రల్లో మూత్రం పోయేది ఉంటే ఎండల్లో మోతాదు గురించి బయల్దేరే ముందే మీ డాక్టరుగారిని అడగండి, సొంతంగా ఆపొద్దు. ఇన్సులిన్ ఉంటే ఫ్రిజ్‌లో పెట్టాలి.

ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, స్పృహ తప్పినా 3624కు కాదు, 15 లేదా 112కు ఫోన్ చేయించండి. వాళ్లొచ్చేలోగా నీడలోకి తెచ్చి, బట్టలు వదులు చేసి, ఒంటిమీద నీళ్లు చల్లుతూ విసరండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి. పారాసెటమాల్ వేయకండి. వడదెబ్బ వేడి జ్వరం వేడి కాదు, మాత్రతో దిగదు, పైగా లివర్‌కు చేటు.

వాంతులు, విరేచనాలు, నీరసం లాంటివైతే 3624. ముందే ఒక కాగితం మీద రాసి ఫోను పక్కన పెట్టుకోండి: వీధి పేరు, పిన్‌కోడ్, గేటు తెరిచే కోడ్, అంతస్తు, కాలింగ్ బెల్ మీదున్న పేరు. గేటు కోడ్ లేక డాక్టరు కింద నిలబడిపోవడం మామూలే. మాత్రల కంపెనీ పేర్లు అక్కడ తెలియవు, లోపలి మందు పేరు, మిల్లీగ్రాములు రాయండి. ఫీజు చెల్లించాక డాక్టరిచ్చే కాగితం పారేయొద్దు, ట్రావెల్ ఇన్సూరెన్స్ క్లెయిముకు అదే ఆధారం. రాత్రికి, ఆదివారానికి ఫీజు పెరుగుతుంది.

ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగైదు తీసుకెళ్లండి. 20.5 గ్రాముల పొట్లం ఒక లీటరు నీళ్లలో మొత్తంగా కలపాలి. సగం పొట్లం గ్లాసులో వేయడం వల్ల ఉప్పు ఎక్కువై మేలు పోయి కీడవుతుంది. ఆయనకు షుగరుంది కాబట్టి దాహానికి తాగే పానీయంలా కాకుండా వాంతులు, విరేచనాలు ఉన్నప్పుడే ఇవ్వండి.

మన 108, 104 లెక్కలతో ఇలా చేయలేమా?
– ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసే నర్సు, ప్రకాశం జిల్లా

కొంత జరుగుతోంది. సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం 2004లో మొదలైంది, ఇప్పుడు దాని పోర్టల్‌లో వడదెబ్బ కేసుల్ని మార్చి 1 నుంచి జులై 31 దాకా నమోదు చేస్తారు. 2015 మే ఎండలకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యికి పైగా మరణాలు నమోదయ్యాయని గుర్తుంచుకుంటే ఆ నమోదు ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

అయితే మన పల్లెలో పిలిస్తే ఇంటికొచ్చేది ఆర్‌ఎంపీ. ఎండకు పడిపోయిన కూలీకి మంచం పక్కన సెలైన్ బాటిల్ వేలాడదీసేది ఆయనే. ఆయన అర్హత సంగతి వేరే చర్చ. ఆయన రిజిస్టరు రాయడు, రాసినా ఎవరికీ పంపడు. ఫ్రాన్స్‌లో ఎస్‌ఓఎస్ పట్టుకునే తొలి దశ ఇక్కడ లెక్కలోకే రాదు. 108 చూసేది ముదిరినవాటినే.

మీ కేంద్రంలో మీరు చేయగలిగింది ఉంది. ఓపీ రిజిస్టరులో తేదీ, వయసు, ఆడా మగా, బాధ, నిర్ధారణ, పైఆసుపత్రికి పంపారా అన్నవాటితోపాటు మండలం కాదు, ఊరి పేరు రాయండి. పక్కన చిన్న గడి పెట్టి ‘ఎండలో పని చేశారా’ అని అడిగి టిక్ పెట్టండి. ఉపాధి హామీ పనులు జోరుగా నడిచే ఏప్రిల్, మే నెలల్లో ఈ గడే ఎక్కువ చెబుతుంది. ‘జనరల్ వీక్‌నెస్’ అని రాసి వదిలేసే అలవాటు మాత్రం మానాలి, ఎండ కేసుల్లో చాలావరకు మాయమయ్యేది ఆ మాటలోనే.

రోజుకు 50 ఓపీ ఉన్నచోట ఒక్క కేసు పెరిగితేనే శాతం రెండు పెరుగుతుంది. అందుకని రోజు శాతం చూడకండి. ఏడు రోజుల ఎండ కేసులు కలిపి, ఏడు రోజుల మొత్తం ఓపీతో భాగించండి. ప్రతి ఉదయం పాత రోజు ఒకటి తీసి కొత్త రోజు చేర్చండి. సోమవారం ఓపీ ఎక్కువ, ఆదివారం తక్కువ, సంత రోజున పక్క ఊళ్లవాళ్లూ వస్తారు. ఏడు రోజులు కలిపితే ఈ హెచ్చుతగ్గులన్నీ సర్దుకుంటాయి. ఒకే ఊరి నుంచి వారంలో మూడు కేసులొస్తే శాతం కోసం ఆగకుండా ఆ ఊరి ఆశా కార్యకర్తకు ఫోన్ చేసి పనిచోట నీడ, నీళ్లు ఉన్నాయో లేదో కనుక్కోండి.